పెద్దదా? చిన్నదా?

పద్నాలుగో భాగం

పోయినవారం మనం ఆఫీసు మెట్ల మీద నోరు తెరుచుకుని నిలబడ్డ పెద్దదాన్ని నిలబడ్డట్టే వదిలేశాం. ఆ తర్వాత ఆ మెట్లు దిగి ఇంటికి వెళ్ళింది, తిన్నాననిపించింది, పడుకున్నాననిపించింది, తెల్లారాక మళ్ళీ అవే మెట్లు ఎక్కుతోంది. నిన్న ఆఫీసు తలుపు అవతల బాబాయి ఎవరితోనో ఫోన్లో అన్న మాటలు మాత్రం చెవిలో ఇంకా గింగిర్లు కొడుతూనే ఉన్నాయి. "పెద్దది వద్దయ్యా. బలం ఉంది, కాదనను. కానీ ఊరికే వేడెక్కిపోతుంది. దాన్ని చల్లబరచడానికే నా ప్రాణం పోతుంది. చిన్నది చురుకు. మనకి చిన్నది చాలు."

కథలోకి ఈ వారమే వచ్చినవాళ్ళకి నాలుగు ముక్కలు చెప్పాలి. పెద్దది, చిన్నది అక్కచెల్లెళ్ళు. ఇద్దరూ బాబాయి ఆఫీసులోనే పనిచేస్తారు. ఇంకా కట్టని ఇళ్ళని కంప్యూటర్లో కట్టి చూపించే ఆఫీసు అది. పెద్దది బొమ్మలు చేస్తుంది. ఆమె చేసిన బొమ్మలో గోడ మీద పడ్డ ఎండ చూసి, ఈ ఇల్లు ఎక్కడుందండీ అని అడిగినవాళ్ళున్నారు. చిన్నది చేసేది నడక. వీడియో గేములో మనిషిని నడిపినట్టు, కొనబోయేవాళ్ళని ఆ కట్టని ఇంట్లో తిప్పి, అల్మారా తలుపులు కూడా తీయించి పంపిస్తుంది. పెద్దది బాబాయితో కలిసి ఆఫీసు తాళం తీసిన మొదటి మనిషి, తొమ్మిదేళ్ళు అయింది. చిన్నది వచ్చి రెండేళ్ళు.

నిన్న ఆ మాటలు విన్నాక, బాబాయి బయటికి వెళ్ళిన సమయం చూసి, ఆయన బల్ల మీద ఒక కాగితం కూడా చూసింది పెద్దది. చూడటమేమిటి, మడిచి సంచిలో పెట్టేసుకుంది. ఆ కాగితం మీద నిలువుగా ఒక గీత. గీతకి ఇటు 'పె', అటు 'చి'.

ఈ ఉదయం చెల్లెలికి చెప్పకుండా ముందు బస్సు పట్టుకుంది. బస్సు రావడానికి రెండు నిమిషాల ముందు, అవతలి వీధి స్టూడియో మేడమ్‌కి ఒక మెసేజ్ పెట్టింది. ఆ మేడమ్ ఆరు నెలల్లో రెండుసార్లు అడిగింది, మా దగ్గరికి వచ్చెయ్యమని. రెండుసార్లూ నవ్వి ఊరుకుంది పెద్దది. ఈసారి మాత్రం, 'సోమవారం నుంచి వస్తాను' అని రాసి పంపించేసింది. కోపంతో పంపించానని సరిపెట్టుకుంది గానీ, అది భయమే.

బాబాయి అప్పటికే వచ్చి, కిటికీ పక్కన కూర్చుని కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు.

"బాబాయ్, నీతో మాట్లాడాలి."

"మాట్లాడు. ముందు కూర్చో."

"కూర్చోడానికి రాలేదు. పెద్దదాని సంగతి ఏం చేద్దామనుకుంటున్నావు?"

బాబాయి మొహం వెలిగిపోయింది. "అరె, నీకెవరు చెప్పారే? చిన్నదేనా? ఇవాళ నీకు నేనే చెప్దామనుకున్నాను."

"అంటే చిన్నదానికి ముందే తెలుసన్నమాట."

"తెలియకపోవడమేంటి, అసలు మొదట అడిగిందే అది. పాతదానితో ఇంక నావల్ల కాదు బాబాయ్, నడిచేటప్పుడు అడుగడుక్కీ ఆగిపోతోంది అని నెలరోజుల నుంచి నా చెవిలో పోరు."

పెద్దదాని గుండెలో రాయి పడింది. నిజమే, బస్‌స్టాపు దాకా నడిచేటప్పుడు తను ఆగుతుంది. మోకాలు పట్టేస్తుంది. చెల్లెలు ప్రతిసారీ వెనక్కి వచ్చి, సంచి అందుకుని, మెల్లగా రా అక్కా అంటుంది. అలా అన్న నోటితోనే ఇలా కూడా అందా? సొంత చెల్లెలు!

"తొమ్మిదేళ్ళు బాబాయ్," అంది పెద్దది.

"తొమ్మిదేళ్ళంటే మాటలా! ఇన్నాళ్ళు వచ్చిందంటేనే గొప్ప. బయట చూడు, నాలుగేళ్ళు కాగానే తీసి అవతల పారేస్తున్నారు. మనం కాబట్టి ఇంతవరకూ లాక్కొచ్చాం."

లాక్కొచ్చారట! పెద్దది కుర్చీ వీపు గట్టిగా పట్టుకుంది. ఏడవకూడదని బస్సులోనే అనుకుని వచ్చింది.

"సరే. మరి పెద్దదానిలో లోపమేంటో అది చెప్పు."

"లోపమని కాదే," అన్నాడు బాబాయి, ఉత్సాహంగా ముందుకు జరిగి. "పని విషయంలో దానికి సాటి లేదు. ఎన్ని పనులు చెప్పినా ఒకేసారి నెత్తినేసుకుంటుంది. కానీ తిండి? చిన్నదానికి రెండింతలు తింటుంది. తిన్నదంతా వేడి! తొంభై దాకా పోతుందట. తల మీద నీళ్ళు తిప్పితే గానీ దిగదట. ఆ హోరు పక్కగదిలోకి కూడా వినిపిస్తుందట."

"ఎవరు చెప్పారు నీకు ఇవన్నీ?"

"చూసినవాళ్ళందరూ అదే మాట."

పెద్దదానికి తల తిరిగిపోయింది. తనకి కోపం వస్తుందని తెలుసు. పోయినేడాది ఒక బిల్డరు ముందు ఫైలు విసిరికొట్టింది కూడా. కానీ తల మీద నీళ్ళు తిప్పడమేమిటి? తిండి ఎవరు చూశారు? తన డబ్బా తనే తెచ్చుకుంటుంది. చూసినవాళ్ళందరూ అంటే ఎంతమంది? ఆ అందరూ కలిసి ఎప్పుడు మాట్లాడుకున్నారు? మాటలన్నీ తెలుస్తున్నాయి, ఒక్కటీ తన మీద సరిగ్గా కూర్చోవడం లేదు. కొలతలు తప్పిన జాకెట్టులాగా కొన్నిచోట్ల బిగుతు, కొన్నిచోట్ల వదులు.

ఇంక ఆగలేక సంచిలోంచి కాగితం తీసి బల్ల మీద పరిచింది.

"ఇది నీ చేతిరాతేనా?"

"నాదే. నిన్నటి నుంచి దీనికోసమే వెతుకుతున్నాను. నీ దగ్గరుందా?"

"బొమ్మలు, పె. నడక, చి. తిండి ఎక్కువ, పె. వేడి ఎక్కువ, పె. కిందేమిటి బాబాయ్? ఇదిగో, 'విలువ' అని రాసి గీతకి అటువైపు టిక్కు పెట్టావు. చి దగ్గర. రెండు టిక్కులు పెట్టావు." ఆమె గొంతు పూర్తిగా మారిపోయింది. "ఒక గీత గీసి, ఇటు నన్ను, అటు దాన్ని నిలబెట్టి, ఎవరి విలువ ఎంతో చూసుకున్నావా? ఈ మాట నా మొహం మీద చెప్పలేకపోయావా? పొమ్మంటే పోనా నేను?"

కన్నీళ్ళు వచ్చేశాయి. వద్దనుకున్నా వచ్చేశాయి.

బాబాయి కాగితం చూశాడు, ఆమెని చూశాడు, మళ్ళీ కాగితం చూశాడు. ఈ మనిషికి అయోమయం వస్తే కళ్ళజోడు తీసి తలకిందులుగా పెట్టుకుంటాడు. ఇప్పుడూ అదే చేశాడు. "నిన్ను పొమ్మనడమేమిటే? నీ విలువ మధ్యలో ఎందుకొచ్చింది?"

సరిగ్గా అప్పుడు తలుపు తోసుకుని కంప్యూటర్లు బిగించే అతను వచ్చాడు. పని చేస్తున్నంతసేపూ పెదాల మధ్య స్క్రూలు పట్టుకుని ఉంటాడని అందరూ అతన్ని మరమేకు అంటారు. రెండు చంకల్లో రెండు అట్టపెట్టెలు ఉన్నాయి.

"సార్, పెద్దదాన్ని ముందు బిగించమంటారా, చిన్నదాన్నా?"

ఇద్దరూ తలతిప్పి అతనివంక చూశారు.

"అదేనండీ, ప్రాసెసర్లు," అన్నాడు మరమేకు, తనేమైనా తప్పుగా అన్నానేమోనని. "నిన్న ఫోన్లో అనుకున్నాం కదా. పదహారు కోర్లది పెద్దది, ఎనిమిది కోర్లది చిన్నది. మీరే కదా సార్ అలా పిలుద్దామన్నారు, నంబర్లు గుర్తుండవని."

మన భాషతో వచ్చిన చిక్కు ఇది. ఇంటి ఆడపిల్లనీ 'అది' అంటాం, అట్టపెట్టెలో చిప్పునీ 'అది' అంటాం. ఆ 'అది'కి మోకాలుందో లేదో మాట చెప్పదు. ఇంకో భాషలో అయితే మొదటి వాక్యంలోనే తేలిపోయి ఉండేది ఈ గొడవ. మనకి మాత్రం పద్నాలుగో భాగం దాకా వచ్చింది.

పెద్దది కుర్చీలో కూలబడింది. ముందు బాబాయి నవ్వాడు. తర్వాత మరమేకు, ఎందుకో తెలియకుండానే నవ్వాడు. పెద్దది ముక్కు చీదుకుంటూ, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, తనూ నవ్వింది. తొంభై దాకా వేడి! తల మీద నీళ్ళు! తిండి అంటే కరెంటు! పాతది అంటే ఆఫీసు తెరిచిన రోజు కొన్న ఆ మూల కంప్యూటరు. నడక అంటే చెల్లెలి నడక, బస్‌స్టాపు నడక కాదు. ఇంత తెలివితక్కువగా ఎలా ఆలోచించింది తను?

నవ్వు ముందు ఆపింది బాబాయే.

"నిన్ను పంపించేస్తాననుకున్నావా నేను?" అన్నాడు, మెల్లగా. "ఎలా అనుకున్నావే?"

ఆ మాటకి పెద్దది సిగ్గుతో చచ్చిపోయింది. ఆ సిగ్గు వెనకాలే బస్‌స్టాపు గుర్తొచ్చింది, పంపిన మెసేజ్ గుర్తొచ్చింది. కిటికీ దగ్గరికి వెళ్ళి ఫోను తీసి, 'మేడమ్, క్షమించాలి, తొందరపడ్డాను' దాకా రాసింది.

"నన్ను వదిలేసి వచ్చేశావేంటక్కా?" చిన్నది గాలిలా దూసుకొచ్చింది. పెట్టెలు చూడగానే కోపం మర్చిపోయింది. "వచ్చేశాయా! మరమేకన్నా, ముందు పెద్దదాన్ని పెట్టు. అక్కా, నీ ఫోనివ్వు, టైము చూడాలి. నాది చార్జింగ్ లేదు." ఇవ్వకముందే లాక్కుంది. రాసిన సగం మెసేజ్ సగంలోనే ఉండిపోయింది.

ఇవ్వు అని అడగొచ్చు. ఎందుకు అంటే ఏం చెప్పాలి?

మరమేకు ఆ మూల కంప్యూటరు పక్క రేకు విప్పి, ఫ్యాను ఊడదీసి, పెద్దదాన్ని కూర్చోబెట్టాడు. దాని మీద బటాణీ గింజంత, వేడి లాగే పేస్టు పెట్టి మళ్ళీ ఫ్యాను బిగించాడు. పరీక్షకి మన పెద్దది తన బొమ్మే ఇచ్చింది. మెట్లున్న ముందుగది, మధ్యాహ్నపు ఎండ, మెట్ల కింద నీడ. బొమ్మ తయారవడాన్ని ఈ ఆఫీసులో ఉడకడం అంటారు. పాత చిప్పు మీద ఈ బొమ్మ ఉడకడానికి గంటన్నర పట్టేది.

పెద్ద చిప్పు పదకొండు నిమిషాల్లో ఉడికించేసింది. ఫ్యాను హోరుకి బాబాయి చెవులు మూసుకున్నాడు. వేడి ఎనభై తొమ్మిది చూపించింది. ఆ హోరు మన పెద్దదానికి మాత్రం కచేరీ విన్నంత హాయిగా ఉంది. గంటన్నర పని పదకొండు నిమిషాల్లో! రోజుకి ఒక బొమ్మ చేసే చోట ఎన్ని చెయ్యొచ్చు!

తర్వాత అదే చిప్పు మీద, అదే ఇంట్లో చెల్లెలు నడిచింది. సెకనుకి ఎనభై ఫ్రేములొస్తున్నాయని తెర మూల అంకె చెబుతోంది. బాగానే ఉంది గానీ, మెట్ల మలుపు దగ్గర ఒక్కసారి గుక్కపట్టినట్టు ఆగింది. "చూశావా, ఇక్కడే కొనేవాళ్ళకి కళ్ళు తిరుగుతాయి," అంది చిన్నది.

"పదహారు కోర్లుండి కూడా ఆగడమేంటయ్యా?" అన్నాడు బాబాయి.

"కోర్లంటే చేతులు సార్. బొమ్మని ముక్కలు చేసి తలా ఒకటి ఇస్తే అన్ని చేతులూ పనిచేస్తాయి. నడకని ముక్కలు చెయ్యలేం, వరసగా జరగాలి. దానికి చేతుల కంటే చేతికందేంత దూరంలో సామానుండటం ముఖ్యం. చిన్నదానికి ఆ సామాను పెట్టుకునే అర పెద్దది. క్యాష్ అంటారు. ప్రతిదానికీ స్టోర్‌రూములోకి పరిగెత్తక్కర్లేదు."

"అంటే చిన్నదానికి అర పెద్దది, పెద్దదానికి అర చిన్నది," అన్నాడు బాబాయి, కాగితం మీద రాసుకుంటూ. రాసింది తనే చదువుకుని, కొట్టేసి, మళ్ళీ రాశాడు.

ఇప్పుడు చిన్నదాని వంతు. మరమేకు పేస్టు గుడ్డతో తుడిచి చిప్పు మార్చాడు. బొమ్మ ఉడకడం మొదలైంది. ఫ్యాను నిద్రపోతున్నంత మెల్లగా తిరిగింది. వేడి అరవై ఎనిమిది దాటలేదు. చిన్నది ఫోను చేతిలో పట్టుకుని టైము చూస్తోంది. తొమ్మిదో నిమిషం దగ్గర ఫోను చిన్నగా టింగుమంది. చిన్నది దానివంకే చూస్తూ ఉండిపోయింది. మొహంలో కళ తప్పింది. బొమ్మ ఇంకా సగం కూడా కాలేదని దిగులు కాబోలనుకుంది పెద్దది.

"ఇరవై ఒకటి," అంది చిన్నది చివర్లో. అంతే. ఎవరివంకా చూడలేదు.

నడకలో మాత్రం చిన్న చిప్పు దుమ్ము దులిపేసింది. నూట ఇరవై. మెట్ల మలుపు నున్నగా జారిపోయింది. బాబాయి చప్పట్లు కొట్టాడు. చిన్నది కొట్టలేదు.

ఇక అసలు గందరగోళం అక్కడ మొదలైంది. బొమ్మలకి పెద్దది, నడకకి చిన్నది, అంతవరకూ తెలుస్తూనే ఉంది. మరి విలువకి? చిన్నది చవక, కరెంటు తక్కువ, ఉన్న ఫ్యానే సరిపోతుంది. కానీ బొమ్మ ఉడికే ఇరవై ఒక్క నిమిషాలూ చెల్లెలి నడక ఆగాలి, అప్పుడు ఆ చురుకంతా దేనికి? పెద్దది ఖరీదు, పైగా నీళ్ళ కూలరు కొనాలి. కానీ దాని మీద సగం చేతులు బొమ్మకిచ్చి మిగతా సగంతో నడవొచ్చు, కాకపోతే మలుపులో గుక్కపడుతుంది. నడక చూసినవాళ్ళే తర్వాత బొమ్మలు అడుగుతారంది పెద్దది. బొమ్మలు చూసినవాళ్ళే నడక అడుగుతారన్నాడు బాబాయి. రెండూ నిజమే. ఆయన వారం రోజులుగా చూసిన వీడియోల్లో ఒకతను పెద్దదే అన్నాడట, ఒకతను చిన్నదే అన్నాడట, మూడోవాడు రెండూ వద్దు, ఆర్నెల్లు ఆగండి, ఇంకోటి వస్తుందన్నాడట.

"తేల్చండి సార్," అన్నాడు మరమేకు. "మిగిలినదాన్ని పన్నెండింటికల్లా అవతలి వీధి స్టూడియోకి ఇవ్వాలి. పెద్దదైతే మరీ మంచిదన్నారు. సోమవారం నుంచి బొమ్మలు చేసే కొత్తావిడ వస్తోందట. ఇందాక దారిలోనే ఆ మేడమ్ ఫోన్ చేసి చెప్పారు."

పెద్దది చటుక్కున ఫోను కోసం చూసింది. అది చెల్లెలి గుప్పిట్లో ఉంది.

బాబాయి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఈ టిక్కులతో తేలేది కాదయ్యా ఇది. నేను నిన్న చిన్నది చాలన్నాను, నిజమే. తిండి చూసి, వేడి చూసి అన్నాను. కానీ ఇప్పుడనిపిస్తోంది, ప్రాసెసర్ని చూసి కాదు, మనిషిని చూసి కొనాలి. చిన్నదానికి రెక్కలున్నాయి. రేపో మాపో ఏ పెద్ద గేముల కంపెనీయో ఎత్తుకుపోతుంది, పోనీ, పోవాలి కూడా. ఇక్కడ ఉండేది ఇది." పెద్దదాని తల మీద చెయ్యి వేశాడు. "తొమ్మిదేళ్ళుగా ఇదుందన్న ధైర్యంతోనే నేను ఈ తాళం తీస్తున్నాను. ఇది లేనిరోజు చిన్న ప్రాసెసర్ చాలు, అసలు ఆఫీసే అక్కర్లేదు. ఇదుంటుంది, కాబట్టి పెద్దదే ఉంచుదాం. ఇందాక దీన్ని ఏడిపించాను కూడానూ. ఏమంటావే?"

చెప్పాలి. ఇప్పుడే, ఈ క్షణమే చెప్పాలి. బాబాయ్, నేనొక పొరపాటు చేశాను అని ఒక్క మాట చాలు. పెద్దది నోరు తెరిచింది. తల మీద ఆ చెయ్యి వెచ్చగా ఉంది. ఆ చెయ్యి తీసేస్తాడేమోనని భయపడి మళ్ళీ నోరు మూసేసింది.

"పెద్దదాన్ని ఉంచలేం బాబాయ్," అంది చిన్నది.

"ఎందుకే?"

"అది అవతలి వీధివాళ్ళకి మాటిచ్చేసింది."

బాబాయి బల్ల మీది పెట్టె చూశాడు. "అది మాటివ్వడమేంటి? ఏమయ్యా, మాకు చూపించకముందే వాళ్ళకి మాటిచ్చేశావా?"

"నేనెవరికీ ఇవ్వలేదు సార్! ఒట్టు!" అన్నాడు మరమేకు, పెదాల మధ్య నుంచి స్క్రూలు రాలిపోతుంటే.

"పెట్టె వంక చూస్తావేంటి బాబాయ్?" అంది చిన్నది. కళ్ళనిండా నీళ్ళు. ఆ కళ్ళు అక్క మీదే ఉన్నాయి. "నాతో ఒక్కమాట చెప్పలేదు. నన్ను వదిలేసి ముందు బస్సులో వచ్చింది ఇందుకా?"

ఫోను తెచ్చి బాబాయి ముందు పెట్టింది. తెర మీద స్టూడియో మేడమ్ జవాబు వెలుగుతోంది. 'చాలా సంతోషం. సోమవారం తొమ్మిదింటికి రండి. మీ బాబాయిగారికి మీరే చెబుతారా, నన్ను చెప్పమంటారా?'

బాబాయి కళ్ళజోడు సరిచేసుకుని ముందుకు వంగాడు. ఆయన చదవకముందే పెద్దది ఫోను మీద అరచెయ్యి అడ్డం పెట్టేసింది.

"చెయ్యి తియ్యి," అన్నాడు బాబాయి.